కెమెరా కింద చేతులు

తలుపులమ్మ కిందపడినప్పుడు షెడ్డులో ఒక్క చెయ్యి కూడా ఆగలేదు.

పడడం అందరూ చూశారు. ఐసునీళ్ల టబ్బు పక్కన తడి గచ్చు మీద, బూట్ల కాళ్లు మడతపడి, ఒక పక్కకి ఒరిగిపోయిందామె. సగం ఒలిచిన రొయ్య ఇంకా గుప్పిట్లోనే ఉంది. ఎదురు బల్ల దగ్గరున్న సత్యకుమారి కేకెయ్యబోయింది.  చేతులు మాత్రం వాటి దారిన అవి పోతూనే ఉన్నాయి. తల విరవడం, పెంకు లాగడం, నరం తియ్యడం, టబ్బులో పడెయ్యడం. తల, పెంకు, నరం, టబ్బు.

నెత్తిమీద కెమెరా చూస్తోంది మరి.

వశిష్ఠ గోదారి సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో, ఒకప్పుడు వలలు ఆరేసుకున్న ఇసకదిబ్బల మీద లేచిందా రొయ్యల ఫ్యాక్టరీ. యజమాని బంగార్రాజు గారు. చుట్టూ ఉన్న చెరువులు ఆయనవే, ఐసు ఫ్యాక్టరీ ఆయనదే, ఎన్నికలప్పుడు ఊళ్లలో తిరిగే జీపులూ ఆయనవే. రొయ్యలు ఒలిచే ఆడవాళ్లంతా ఏటిగట్టు పల్లెల్లోని మత్స్యకారుల ఇళ్లవాళ్లు. సముద్రంలో చేప తగ్గి, మొగాళ్ల పడవలు ఒడ్డున ఎండిపోతుంటే, ఆ ఇళ్లలో పొయ్యి వెలిగేది ఈ ఆడవాళ్ల చేతుల వల్లే.

కిందటి వేసవిలో కెమెరాలు దిగాయి. ఒక్కో మనిషి తలమీద ఒక్కో కెమెరా, దాని పక్కనే చిన్న దీపం. చేతులు మెషీన్ కోరినంత జోరుగా ఆడితే పచ్చ. కాస్త నెమ్మదిస్తే పసుపు. ఆగినా, కొలతకి బాగా వెనకబడినా ఎరుపు. ఎరుపు వెలిగిన మనిషి పేరు గోడమీద పెద్ద తెరమీదికెక్కుతుంది. వారాంతానికి అట్టడుగున మిగిలినవాళ్ల ఫోనుకి మెసేజి పోతుంది, సోమవారం నుంచి రానక్కర్లేదని. ఎరుపు దిగకపోతే వారాంతం దాకా కూడా ఆగదు, ఆరోజే పోతుంది.

అవి పెట్టినరోజు మేనేజర్ ఉదయ్‌భాస్కర్ అందర్నీ నిలబెట్టి చెప్పాడు. "ఇది ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అండి. దీనికి మీ కులం తెలీదు, మీ ఊరు తెలీదు. ఎవరి మీదా ప్రేమ లేదు, ఎవరి మీదా కోపం లేదు. మేస్త్రీ తనవాళ్లకే మంచి బల్లలు ఇస్తున్నాడని మీరే గోలపెట్టేవారు కదండీ? ఇక ఆ బాధ లేదు. అంతా న్యాయమే."

ఆ మాటకి ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. సత్యకుమారి కూడా కొట్టింది.

ఆ న్యాయం ఇప్పుడు తలుపులమ్మ తలమీద ఎర్రగా వెలుగుతోంది. గోడమీద తెరలో ఆమె పేరు పక్కన 'పని చెయ్యడం లేదు' అని పడింది. సూపర్‌వైజరు మనిషిని చూడలేదు, ముందు తెరని చూశాడు. ఆ తరవాత నెమ్మదిగా వచ్చి, ఇద్దరు కుర్రాళ్లని పిలిచి, రొయ్యల ట్రేలు మోసే బండిమీద ఆమెని పడుకోబెట్టించి బయటికి తోయించాడు.

బండి తలుపు దాటాకగానీ సత్యకుమారికి తెలివి రాలేదు. పడిపోయింది ఎవరో కాదు, తన తల్లికి తోడబుట్టిన చెల్లెలు, తనకి చిన్నప్పుడు జడలల్లిన పిన్ని. తల ఎత్తి చూసింది. తన దీపం పచ్చగా ఉంది. 

*

షుగర్ పడిపోయిందన్నారు ఆసుపత్రిలో. పొద్దున్నించీ ఏమీ తినకుండా నిలబడిందట. మధ్యలో రెండు మెతుకులు తినొద్దామంటే దీపం పసుపవుతుందని భయపడిందట. వారం తిరక్కుండానే లేచి, చీర సర్దుకుని, ఫోనుకొచ్చిన మెసేజి చూసుకోకుండానే పనికి బయల్దేరింది తలుపులమ్మ. గేటు దగ్గర మొహం చూసే మెషీన్ ముందు నిలబడింది. మెషీన్‌లోంచి పంచదార పూసినట్టున్న ఆడగొంతు పలికింది. "క్షమించండి. మీకు ప్రవేశం లేదు."

"ఇంకోపాలి చూడమ్మా, నేనే" అంది తలుపులమ్మ మెషీన్‌తో, పక్కింటావిడతో మాట్లాడినట్టు. కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ నిలబడింది.

"క్షమించండి. మీకు ప్రవేశం లేదు."

వెనక నిలబడ్డ ఆడవాళ్లలో ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు. వ్యాన్లలో మనుషుల్ని తెచ్చే కాంట్రాక్టరు బుల్లబ్బాయి విసుక్కున్నాడు. "పక్కకి జరుగే, లైను ఆగిపోతంది. నేనేం చేసేది? మెషీన్ ఆపేసింది."

సత్యకుమారి లైన్లోంచి బయటికొచ్చి పిన్ని చెయ్యి పట్టుకుని, తిన్నగా మేనేజరు గది ముందుకి నడిచింది.

ఉదయ్‌భాస్కర్ కుర్చీలోంచి లేచాడు. మర్యాదస్తుడే. "కూర్చోండమ్మా. చూడండి, ఇందులో మా ప్రమేయం ఏమీ లేదండి. ఆవిడ స్కోరు పడిపోయింది. ఇది సిస్టమ్ తీసుకున్న నిర్ణయం."

"పడిపోయింది స్కోరు కాదండి, మనిషి. మీ సిస్టమ్‌కి కళ్లున్నాయి గదా, అది కనపడలేదాండి?"

"దానికి చేతుల కదలికే తెలుస్తుందండి."

"మరి సిస్టమ్ గారెక్కడుంటారో చెప్పండి, ఆయనతోనే మాట్లాడుకుంటాం."

ఉదయ్‌భాస్కర్ నవ్వాడు. "అది మనిషి కాదమ్మా."

"మనిషి కానిదానికి మా మెడలెందుకు అప్పజెప్పారండి?"

 జవాబు లేనప్పుడు పెద్దవాళ్లు చేసే పనే ఆయనా చేశాడు. గంట నొక్కి వాచ్‌మన్‌ని పిలిచాడు.

*

ఆదివారం మధ్యాహ్నం రేవు దగ్గర, పడవలు బాగుచేసే పాకలో ఆడవాళ్లు కూడారు. అలేఖ్య వచ్చింది. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసు ఉద్యోగి కూతురు, రాజమండ్రిలో లా చదువుతోంది, విద్యార్థి సంఘం పిల్ల. ఇదివరకు చెరువుల ఉప్పునీళ్లు మంచినీళ్ల బావుల్లోకి దిగినప్పుడు జరిగిన ధర్నాలో ఈ ఊరు ఆమెకి పరిచయం.

"లేబర్ ఆఫీసుకి అర్జీ పెడదామండి" అంది అలేఖ్య.

"ఎల్లొచ్చాం" అంది సత్యకుమారి. "మెషీన్ మీద కంప్లయింటుకి కాయితం లేదన్నాడాయన. మనిషి పేరు చెప్పమన్నాడు. ఎవడి పేరు చెప్పాలి?"

అలేఖ్య తనకి తెలిసింది చెప్పింది. "మీరు ఎంత ఒలిస్తే చాలో ఆ మెషీన్‌కి పుట్టుకతో తెలీదండి. మీ చేతుల్ని చూసే నేర్చుకుంటుంది. మీ అందర్లో జోరుగా ఒలిచేవాళ్లని పట్టుకుని, అదే కొలబద్ద అనుకుంటుంది. మిగతావాళ్లని దాంతో కొలుస్తుంది. ఈ వారం పచ్చగా ఉన్న వేగం వచ్చేవారం పసుపవుతుంది. అంటే మిమ్మల్ని మీతోనే తరిమిస్తోంది."

పాకలో గుసగుసలు లేచాయి. అందరి కళ్లూ ఒకే మనిషి వైపు తిరిగాయి. రమ్యశ్రీ. ఇరవై దాటిన పిల్ల, పాదరసం లాంటి చేతులు. ఏ వారం చూసినా తెరమీద మొదటి పేరు ఆమెదే.

రమ్యశ్రీకి రోషం పొడుచుకొచ్చింది. "ఏంటి అందరూ అలా చూత్తన్నారు? నేనేవన్నా దొంగతనం చేశానా? ఒళ్లొంచి చేసుకుంటన్నాను. చేతగానోళ్లు ఇంట్లో కూచోండి."

"మా పిన్నికి చేతగాదా?" అంది సత్యకుమారి. "ఈ ఫ్యాక్టరీ గోడలు లేవకముందు నుంచీ ఒలుత్తంది. నీకు నరం తియ్యడం నేర్పిందెవరే?"

"నేర్పితే? ఆవిడ కోసం నా పని పోగొట్టుకోవాలా? మా ఇంట్లో మంచంమీదున్న మనిషికి మీరు మందులు తెత్తారా?"

ఆ ప్రశ్న అందరికీ తగిలింది. ప్రతి ఇంట్లోనూ అలాంటి మంచం ఒకటుంది. కొందరు రమ్యశ్రీని తిట్టడానికి లేచారు. బేబీ అనే ఆమె జుట్టు పట్టుకునేదాకా వచ్చింది. సత్యకుమారి మధ్యలో నిలబడింది.

"ఆగండే! ఈ పిల్లని కొడితే బంగార్రాజు గారికి లాభం. మనం ఇలా కొట్టుకోవాలనే గదా ఆ తెరమీద మన పేర్లు వరసలో పెట్టింది." తరవాత రమ్యశ్రీ వైపు తిరిగింది. "అమ్మాయ్, నువ్వు మత్స్యకారుడి కూతురివి. ఒడ్డునించి అలివివల లాగడం చూశావు గదా? ఊరంతా రెండు తాళ్లు పట్టుకుని లాగుతారు. అందులో కుర్రాడుంటాడు, ముసలాడుంటాడు. కండలున్నాయి గదాని ఒకడు పరిగెత్తితే ఏవవుద్ది?"

రమ్యశ్రీ పక్కనున్న ముసలామె అంది, "వల చిరుగుద్ది. చేప పోద్ది."

"మరి? ముసలాడి అడుగుని బట్టే అందరూ అడుగెయ్యాలి. రేపట్నించి షెడ్డులోనూ అంతే. పని మానొద్దు. చెయ్యి ఆపొద్దు. అందరం మా పిన్ని చేతివాటంతో ఒలుద్దాం. ఒక్కళ్లు కూడా ముందుకెళ్లకండి. అందరూ ఒకేలా ఒలిత్తే అది అట్టడుగున ఎవర్ని పెడతాదో చూద్దాం."

"నువ్వు చెప్పడం బాగానే ఉంది" అంది రమ్యశ్రీ. గొంతు తగ్గింది గానీ మెత్తబడలేదు. "పొద్దున ఒక్కళ్లు మాటతప్పి జోరుగా చేత్తే నేను మునుగుతాను."

"చేత్తే అందరం మునుగుతాం" అంది సత్యకుమారి. "ఒట్లేం వద్దు. రేపు నీ పక్కబల్ల దగ్గరే నిలబడతాను."

రమ్యశ్రీ చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

*

సోమవారం. షెడ్డులో ఐసు పొగలు. క్లోరిన్ వాసన. వలల్లోంచి తెల్లారకముందే వచ్చిన రొయ్యలు బల్లలమీద గుట్టలు.

సత్యకుమారి ఒక రొయ్య తీసింది. తలుపులమ్మ ఎలా తీస్తుందో గుర్తుచేసుకుంది. తొందర లేకుండా తల విరిచింది. పెంకుని రెండుసార్లుగా లాగింది. నరం కొసని వేలితో వెతికి తీసింది. పక్క బల్ల చూసింది. వెనక బల్ల చూసింది. అందరూ అదే వాటం. ఎన్నాళ్ల తరవాతో ఆ షెడ్డులో చేతులు మనుషుల చేతుల్లా కదిలాయి.

దీపాలు పసుపయ్యాయి.

రమ్యశ్రీ చేతులు మాత్రం ఎప్పటిలాగే పరుగెడుతున్నాయి. షెడ్డు మొత్తంమీద ఆమె ఒక్కతే పచ్చ. చుట్టూ పసుపు దీపాల మధ్య అదొక్కటీ కళ్లలో గుచ్చుకుంటోంది. బేబీ పళ్లు నూరింది. సత్యకుమారి తన వాటం తాను ఒలుస్తూనే ఉంది.

తెరమీద రమ్యశ్రీ పేరు పైకెక్కింది. దాని పక్కన కొత్త లెక్క పడింది, కిందటి వారంకంటే పెద్దది. ఇక అందరికీ అదే కొలబద్ద. రమ్యశ్రీ దాన్ని చూసింది. ఆ లెక్క ఆమెకి కూడా పెరిగింది. ఆమె తలమీద దీపం పచ్చ నుంచి పసుపుకి ఊగి, మళ్లీ పచ్చయ్యింది. తన వేగాన్నే తన వెనక కుక్కలా ఉసిగొల్పుతోంది మెషీన్.

ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. చేతిలో రొయ్యని గట్టిగా పట్టుకుంది. తరవాతది నెమ్మదిగా తీసింది.

"నాకింత నిదానంగా చేతకాదు వదినా" అంది పక్కకి చూడకుండానే. 

"వత్తాదిలే" అంది సత్యకుమారి.

పసుపు దీపాలు ఒక్కటొక్కటే ఎర్రబడ్డాయి. షెడ్డు చివరనుంచి చివరదాకా ఎరుపు. తెరమీద అందరి పేర్లూ ఎక్కేసి, చోటు చాలక కిందికి జారిపోతున్నాయి. బయట గూళ్లలో పెట్టిన ఫోన్లన్నీ ఒకేసారి మోగడం మొదలెట్టాయి. మెషీన్ తనకి నేర్పింది చేసింది. రేపటినుంచి ఎవరూ రానక్కర్లేదని అందరికీ మెసేజి పంపేసింది.

ఆడవాళ్లు చేతులు కడుక్కుని, ఆప్రాన్లు విప్పి బల్లలమీద పడేసి బయటికి నడిచారు.

ఉదయ్‌భాస్కర్ పరుగెత్తుకొచ్చాడు. "ఎక్కడికండీ? లారీలు దిగుతున్నాయి, సరుకు పాడైపోద్ది!"

"మెషీన్ ఆపేసిందండి" అంది బేబీ. "ఇందులో మా ప్రమేయం లేదండి."

నవ్వులు గేటుదాకా పాకాయి. ఆ నవ్వుల మధ్యే బంగార్రాజు గారి కారు వచ్చి ఆగింది. రోడ్డుమీద లారీల్లోంచి ఐసు కరిగి నీళ్లు కారుతున్నాయి. ఆయన ఆడవాళ్ల వైపు చూడనైనా లేదు. "ఏంటయ్యా ఇది? ముందా మెషీన్ ఆపు. వీళ్లని లోపలికి పంపించు."

"అలాగేనండి. ఒక్క నిమిషంలో ఆపేస్తానండి" అన్నాడు ఉదయ్‌భాస్కర్.

సత్యకుమారి ఆ మాట పట్టుకుంది. గుంపులోంచి ముందుకొచ్చింది. "ఏవండీ, దాన్ని ఆపొచ్చాండి? మా పిన్ని పడిపోయినరోజు ఎందుకు ఆపలేదండి మరి?"

ఉదయ్‌భాస్కర్ యజమాని వైపు చూశాడు.

"ఎంత జోరుగా ఒలవాలో, ఎంతమందిని తీసెయ్యాలో దానికి చెప్పిందెవరండి? చెప్పండి, భయపడకండి. మీకూ పైన ఎవరో ఉన్నారు గదా."

"నేనే పెట్టాను" అన్నాడతను నేలచూపులు చూస్తూ. "పెట్టమన్నారు, పెట్టాను."

"విన్నారా?" సత్యకుమారి గుంపు వైపు తిరిగి గొంతెత్తింది. "మెషీన్ అన్నారు, దేవుడన్నంత చేశారు. దాని వెనకున్నది ఈయన. ఈయన వెనక ఆయన. మనిషి పేరు చెప్పమన్నాడు గదా లేబర్ ఆఫీసరు, ఇప్పుడు చెబుదాం!"

బంగార్రాజు గారు కారు తలుపు మూశారు. "ఏమ్మా, సినిమా డైలాగులా? ఏం కావాలి?"

"కెమెరాలు దించెయ్యండి. తీసేసినోళ్లందర్నీ మళ్లీ పెట్టుకోండి. మా పిన్నితో మొదలెట్టి."

"ఫ్యాక్టరీ నాది. ఏది పెట్టుకోవాలో, ఎవర్ని పెట్టుకోవాలో నా ఇష్టం. మీరు కాకపోతే మండపేట వైపునుంచి మనుషులొస్తారు. చేతులకేం కరువు?"

*

అన్నట్టే చేశాడాయన. రెండు పూటలు సరుకు కుళ్లి వాసనకొట్టాక, బుల్లబ్బాయి మండపేట చుట్టుపక్కల ఊళ్లనుంచి వ్యాన్లు మాట్లాడుకొచ్చాడు. అప్పటికి గేటు ముందు ఆడవాళ్లు బైఠాయించి ఉన్నారు. తలుపులమ్మ ముందు వరసలో కూర్చుంది. ఇన్నాళ్లూ పనిపోతుందని సణిగిన సత్యకుమారి మొగుడు వీరబాబు, కుర్రాళ్లని వెంటేసుకుని పడవ తెరచాప తెచ్చి ఎండకి పందిరి వేశాడు. అలేఖ్యతో పాటు రాజమండ్రినుంచి విద్యార్థులు వచ్చారు.

వ్యాన్లకంటే ముందు పోలీసు జీపు వచ్చింది. ఎస్సై దిగి చేతిలో ఫోను చూసుకున్నాడు. అందులో షెడ్డు వీడియో. మొహాల చుట్టూ ఎర్ర గడులు, ఒక మొహం నుంచి ఇంకో మొహానికి గీతలు.

"సత్యకుమారి ఎవరు? రమ్యశ్రీ ఎవరు? ఇక్కడ గుంపుని రెచ్చగొట్టింది మీరేనని సాఫ్ట్‌వేర్ తేల్చింది. ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో మొత్తం ఇందులో ఉంది. జీపెక్కండి."

"మేం మాట్లాడుకున్నది పాకలోనండి, అందరి ముందూ" అంది సత్యకుమారి. "దానికి మెషీన్ ఎందుకు? అడిగితే నేనే చెబుదును గదా."

"అరెస్టుకి కారణం చెప్పండి సార్" అని అలేఖ్య అడ్డం వెళ్లింది. ఎస్సై ఆమెని కూడా ఎక్కించమన్నాడు. ఒక కానిస్టేబులు రమ్యశ్రీ జబ్బ పట్టుకోబోతే విదిలించుకుంది.

"చెయ్యి తియ్యి. నేనే ఎక్కుతాను." ఎక్కుతూ ఆగి గుంపు వైపు చూసింది. "మా ఇంట్లో మనిషిని చూసుకోండే!"

"నేను చూసుకుంటాలే, ఎల్లు" అని బేబీ అరిచింది. మొన్న జుట్టు పట్టుకోబోయిన బేబీయే.

జీపు వెనక ఇనపజాలీలోంచి సత్యకుమారి రోడ్డు చూస్తోంది. కాలవగట్టు మలుపు తిరిగి వ్యాన్లు వస్తున్నాయి.  వాటిలో వచ్చే ఆడవాళ్లు లోపలికెళ్తే అంతా అయిపోతుంది. వాళ్లని తిట్టడానికీ నోరు రాదు. ఆకలి తరిమితే ఎవరైనా వ్యానెక్కాల్సిందే.

మొదటి వ్యాను ఆగింది. బుల్లబ్బాయి తలుపు తీశాడు. "దిగండమ్మా, దిగండి. వీళ్లతో మాటలొద్దు. తిన్నగా లోపలికి పదండి."

సద్ది క్యారేజీ చంకలో పెట్టుకుని ఒక పొడుగాటి ఆడమనిషి ముందు దిగింది. కూర్చున్నవాళ్లని చూసింది. జీపుని చూసింది. ముందు వరసలో కూర్చున్న తలుపులమ్మ దగ్గర ఆగింది.

"ఏంటండి గొడవ?"

"మా తలలమీద మెషీన్లు పెట్టారమ్మా" అంది తలుపులమ్మ. "ఎవరి చేతులు ఆగితే వాళ్లని తోసేత్తన్నారు. నేను పడిపోతే నన్ను తోసేశారు. అడిగినోళ్లని అదిగో, జీపెక్కించారు. మీరెల్తే మేం ఆపం. మీకూ పిల్లలుంటారు."

ఆ పొడుగాటామె నిలబడిపోయింది. వెనక మిగతావాళ్లు దిగుతున్నారు.

"మా ఆయన మండపేటలో బియ్యం మిల్లు హమాలీ అండి" అంది నెమ్మదిగా. "ఈమధ్య చేతికి పట్టీలాంటిది కట్టారు. బస్తా దించి ఊపిరి పీల్చుకుంటే అది మోగుద్ది. మోగితే మర్నాడు పిలవరు. ఎవరు చేశారండి అంటే కంప్యూటరు అంటన్నారు."

"పదవే, ఏంటి కబుర్లు!" బుల్లబ్బాయి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

ఆమె ఆ చేతిని పురుగుని తీసినట్టు తీసి పక్కన పడేసింది. వెనక్కి తిరిగి తనవాళ్లతో ఏదో అంది. జీపులో ఉన్న సత్యకుమారికి అది వినపడలేదు. కానీ వ్యాను మెట్టుమీద ఆగిన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం కనపడింది. రెండో వ్యాను తలుపు తెరుచుకుంది. అందులోంచి దిగినవాళ్లు గేటు వైపు నడవలేదు.

డ్రైవరు జీపు స్టార్ట్ చేసి హారన్ కొట్టాడు. దారి లేదు. గేటు దగ్గర్నించి లేచొచ్చిన తలుపులమ్మతో మొదలెట్టి, రోడ్డుకి అడ్డంగా మనుషులు నిండిపోతున్నారు.

పొడుగాటామె క్యారేజీ కింద పెట్టి, కుచ్చెళ్లు సర్దుకుని, జీపు చక్రాల ముందు తలుపులమ్మ పక్కన నిలబడింది.

"కాస్త జరగండమ్మా" అంది. "మేం చాలామందిమున్నాం."